వార్త కాని గెలుపు

మా మేనత్త మొన్న గురువారం పొద్దున్న పాలకొల్లులో, మా ఇంట్లోనే, కాఫీ తాగి పడకకుర్చీలో వెనక్కి వాలి అలాగే కన్నుమూసింది. ఏళ్ళ తరబడి తుపాకుల మధ్య తిరిగి వార్తలు పంపిన మనిషి ఇంత తేలిగ్గా వెళ్ళిపోతుందని మేమెవరం అనుకోలేదు.

ఆమె విదేశాల్లో విలేకరిగా ఉన్నన్నాళ్ళూ మా నాన్నగారు పొంగిపోయేవారు. పేపర్లో చెల్లెలి పేరు కనపడితే చాలు, మా కిరాణా కొట్టుకు వచ్చిన ప్రతివాళ్ళకీ చూపించి గానీ సరుకు కట్టేవారు కాదు. అలాంటిది అత్త ఉన్నట్టుండి ఆ ఉద్యోగం మానేసింది. యుద్ధాలు ఎందుకు మొదలవుతాయో పరిశోధించి ప్రభుత్వాలకు సలహాలు రాసే సంస్థలో చేరింది. నాన్నగారు అలిగారు.

"ఊళ్ళు తగలబడ్డాక వెళ్ళి రాసి రాసి విసుగొచ్చేసింది అన్నయ్యా. ముందే చెప్పేవాళ్ళు ఎవరో ఒకరుండాలి కదా!" అంది.

"చెప్తే వింటారేంటే?"

"వినేదాకా చెప్తాను."

ఆమె మొండితనం మాకు తెలుసు. పాపం, ఆమె సలహాలు అందుకునే దౌత్యవేత్తలకు తెలియదు. కొట్లో పెరిగిన పిల్ల కావడంతో ఏ దేశం వెళ్ళినా ముందు బజారు చుట్టబెట్టి, జనం ఏం కొంటున్నారో చూసేది. ఆఫ్రికాలో ఒక సరిహద్దు ఊళ్ళో వానలు పడినా విత్తనాల కొట్లకు ఎవరూ రావడం లేదని గమనించింది. "కోతదాకా ఇక్కడ ఉంటామన్న నమ్మకం లేనివాడు విత్తనం కొనడు" అని రిపోర్టులో రాసింది. పెద్దలు మొదట దాన్ని పక్కన పెట్టేశారు. అత్త వాళ్ళ ఆఫీసుల చుట్టూ తిరిగింది, వాదించింది, పోట్లాడింది. చివరికి అక్కడ యుద్ధానికి సిద్ధమవుతున్న రెండు వర్గాలనూ కూర్చోబెట్టి మాట్లాడించారు. ఆ ఏడు అక్కడ తుపాకి పేలలేదు. పంట ఇళ్ళకు చేరింది.

ఈ సంగతి మీరు ఏ పేపర్లోనూ చదివి ఉండరు. "అంత పని చేస్తే నీ పేరు వెయ్యలేదేంటే?" అని నాన్నగారు ఫోన్లో నిష్ఠూరమాడారు.

"ఏమీ జరగలేదు కదా అన్నయ్యా, ఏం వేస్తారు?" అని అత్త పగలబడి నవ్వింది. పక్కనే కూర్చుని వింటున్న నాకు ఒళ్ళు పులకరించింది. నాన్నగారు మాత్రం ఇంకా గొణుగుతూనే ఉన్నారు.

గురువారం వర్తక సంఘం వాళ్ళు ఇంటికి వచ్చారు. "అమ్మగారి గౌరవార్థం ఈపూట బజారంతా మూసేస్తామండి" అన్నారు. వర్తకుల ఇంట్లో ఎవరు పోయినా మా దగ్గర అదే ఆనవాయితీ. నాన్నగారు కళ్ళు తుడుచుకుని లేచారు.

"వద్దండి. బజార్లు తెరిచి ఉండాలనే మా చెల్లెలు దేశాలు పట్టుకు తిరిగిందండి. తనకోసం మూసేస్తే ఎలాగండి?"

అత్తను బజారు మీదుగానే తీసుకెళ్ళాం. ఒక్క కొట్టూ మూయలేదు. వర్తకులు మెట్ల మీద నిలబడి దణ్ణం పెట్టారు. వాళ్ళ వెనక బేరాలు సాగుతూనే ఉన్నాయి. ఒక కొట్లో ఎవరో ఆవిడ కందిపప్పు బాగోలేదని గట్టిగా దెబ్బలాడుతోంది. పాడె పక్కన నడుస్తున్న నాన్నగారు ఆ గొంతు విని, అంత ఏడుపులోనూ నవ్వారు.