రామ్‌చందర్ ఏడింటి డ్యూటీ

పాల్వంచ థర్మల్‌లో ముప్పై నాలుగేళ్లు బాయిలర్ దగ్గర పనిచేసి రిటైరైన రామ్‌చందర్‌కి ఇప్పుడు మిగిలిన ఉద్యోగం ఒక్కటే. భార్య నాగలక్ష్మి చూసే ఏడు గంటల సీరియల్‌ని వీసీఆర్‌లో రికార్డు చేయడం. ఆమె దవాఖానాలో ఆయా. మధ్యాహ్నం వెళ్తే రాత్రి తొమ్మిదిన్నరకు గాని ఇల్లు చేరదు. మర్నాడు పొద్దున చాయ్ తాగుతూ నిన్నటి సీరియల్ చూస్తుంది. ఈ ఏర్పాటు ఆమెదే. ఆయన రిటైరైన వారంలోనే, "నాకు సీరియల్ దొరుకుత లేదయ్యా, గా డబ్బాల ఎక్కించి పెట్టు" అని అడిగింది. లోకమంతా ఫోన్లలో చూస్తుంటే ఇంకా వీసీఆర్ ఏమిటని ఎవరైనా నవ్వితే రామ్‌చందర్‌కి ఒళ్లు మండుతుంది. నడుస్తున్న మిషన్‌ని మూలన పడేయడం ఆయన దృష్టిలో పాపం.

ఆ పనైనా అల్లాటప్పాగా చేయడు. బాయిలర్ దగ్గర గంట గంటకూ రీడింగులు రాసిన చెయ్యి కదా, నోటుబుక్కులో గళ్లు గీసి మరీ రాస్తాడు. ఏడు: బొమ్మ బాగుంది. ఏడుంబావు: బొమ్మ బాగుంది. ఏడున్నర: బంద్.

అలాంటి మనిషికి దసరా వెళ్లిన దగ్గర్నుంచి బుర్ర తిరిగిపోతోంది. రికార్డయ్యేటప్పుడు టీవీలో బొమ్మ అద్దంలా ఉంటుంది. పొద్దున క్యాసెట్ తిప్పితే మాత్రం తెర నిండా తెల్లటి చుక్కలు, అడ్డగీతలు. అత్త ఎవరో కోడలు ఎవరో పోల్చుకోలేం. నోటుబుక్కు తిరగేశాడు. ఎక్కడా లోపం లేదు. అన్ని గళ్లలోనూ బొమ్మ బాగుందనే ఉంది, అదీ తన చేతిరాతలోనే. మరి రాత్రికి రాత్రి క్యాసెట్‌లో దూరి బొమ్మను పాడుచేసిందెవరు?

ఫ్యాక్టరీ పద్ధతిలోనే దిగాడు. ఒకసారికి ఒక్కటే మార్చాలి. మొదటి రోజు సెట్‌టాప్ బాక్సు నుంచి వచ్చే వైరు మార్చాడు. చుక్కలు. రెండో రోజు బీరువా అడుగున దాచిన, సీలు కూడా విప్పని క్యాసెట్ తీశాడు. చుక్కలే. మూడో రోజు వీసీఆర్‌ని టీవీకి దూరంగా స్టూలు మీద పెట్టాడు. మళ్లీ చుక్కలే. నాలుగో రోజు తమ్ముడి పెళ్లి క్యాసెట్ పెట్టి చూస్తే అందులో పెళ్లికొడుకు ముఖం నిండా కూడా చుక్కలు! నిరుడు శుభ్రంగా ఉన్న క్యాసెట్ అది. ఎక్కిస్తే చెడుతోందా, చూస్తే చెడుతోందా? భయపడి దాన్ని గబగబా బయటికి లాగేశాడు.

అంతకన్నా అయోమయం నాగలక్ష్మి. ఆ చుక్కల వానలోనే సీరియల్ మొత్తం చూసి, "మంచిగనే అర్థమైతుందిలే" అని గ్లాసు కడుక్కునేది. తనకు కనపడనిది ఆమెకెలా కనపడుతోంది? పొర వచ్చిందేమోనని కళ్ల డాక్టరుకు చూపించుకున్నాడు. కళ్లు భేషుగ్గా ఉన్నాయన్నాడాయన. సంతోషించాలో ఏడవాలో పాపం రామ్‌చందర్‌కి తెలియలేదు.

చివరికి వీసీఆర్‌ని దుప్పట్లో చుట్టి బస్టాండు దగ్గర మున్వర్ దుకాణానికి మోసుకెళ్లాడు. పాతికేళ్ల కింద దాన్ని అమ్మింది మున్వరే. ఇప్పుడు మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేస్తున్నాడు. మూత విప్పి లోపలికి టార్చి కొట్టి చూసి, తల పైకెత్తాడు.

"రామ్‌చందర్ భాయ్, దీనికి బొట్టు పెట్టినవా?"

"పెట్టకపోతె ఎట్ల? దసరా గద! పసుపు కుంకుమ చల్లిన, కొబ్బరికాయ కొట్టి నీళ్లు జల్లిన. బాయిలర్‌కి గూడ ఏటా చేస్తుంటిమి. అదేమన్న ఆగిందా?"

"బాయిలర్‌కి బయట పెట్టిన్రు. దీనికి నోట్లె పోసినవ్."

క్యాసెట్ దూరే తలుపు సందులోంచి కుంకుమ లోపలికి జారి, టేపు మీద బొమ్మను రాసే, చదివే హెడ్డుకు అంటుకుపోయింది. రికార్డయ్యేటప్పుడు టీవీలో కనపడేది కేబుల్ నుంచి నేరుగా వచ్చే బొమ్మేననీ, టేపు మీద ఏం పడుతోందో అప్పుడు తెలియదనీ మున్వర్ విడమరిచి చెప్పాడు. అంటే మూడు వారాలుగా రాసుకున్న రీడింగులకూ ఈ మిషన్‌కూ సంబంధమే లేదన్నమాట! రామ్‌చందర్‌కి తల కొట్టేసినట్టయింది. స్పిరిట్‌లో తడిపిన మెత్తటి తోలుముక్కతో హెడ్డు తుడిచి, ఎండిన కొబ్బరినీళ్ల మరకలు వదిలించి ఇచ్చేసరికి సోమవారం, మంగళవారం గడిచిపోయాయి.

బుధవారం రికార్డు చేసిన బొమ్మ నిగనిగలాడింది. గురువారం పొద్దున చాయ్‌తో పాటు దాన్ని నాగలక్ష్మి ముందు పెట్టాడు రామ్‌చందర్.

"రెండ్రోజులది పోయింది. నీకు కథ అందదేమో," అన్నాడు నొచ్చుకుంటూ.

"ఏంగాదులే. సోమారం చిన్న కోడలు అలిగి పుట్టింటికి పోయింది, మంగళారం అత్తే పోయి తోల్కొచ్చింది."

"నీకెట్ల తెలుసు?"

ఆమె నాలుక కరుచుకుంది. "మా దవాఖాన్ల ఫరహా సిస్టర్ ఫోన్ల పెడుతది. తీరిక దొరికితె అందరం చూస్తం."

"ఎప్పటిసంది?"

"రెండేండ్ల సంది."

ఆయన రిటైరై ఏడాదిన్నర. లెక్క ఎటు తిప్పినా కుదరలేదు. "మరి నన్నెందుకు ఎక్కియ్యమన్నవ్?"

నాగలక్ష్మి టీవీ వైపే చూస్తూ చెప్పింది. "రిటైరైన మూడోనాడు బూట్లేసుకొని పోయి ఫ్యాక్టరీ బస్సెక్కినవ్. డ్రైవరే తెచ్చి ఇంటికాడ దింపిండు. పొద్దుగూకినా లైటేసుకోకుండ కూసుంటుంటివి. నీకేదన్న ఒక పనుండాలె అనుకున్న."

కోపం రావాలి గదా అనుకున్నాడు రామ్‌చందర్. రాలేదు. నవ్వూ రాలేదు. ఇద్దరూ కాసేపు సీరియల్ చూశారు.

"అయితె ఇయ్యాళ ఎక్కియ్యాల్నా, వద్దా?"

"నీ ఇష్టమయ్యా. నీకేం చెయ్యబుద్ధయితె గది చెయ్యి."

ఏ షిఫ్టుకు రావాలో, వచ్చి ఏం చేయాలో ముప్పై నాలుగేళ్లు ఎవరో ఒకరు చెబుతూనే వచ్చారు. ఆ తర్వాత ఆమె చెప్పింది. తనకేం చేయబుద్ధవుతుందో వెతుక్కుంటూ రామ్‌చందర్ చాలాసేపు కూర్చున్నాడు. ఎంత వెతికినా ఏమీ తట్టలేదు.

"నువ్వే చెప్పు లచ్చీ," అన్నాడు చివరికి.