ఎర్త్ లేదన్న మనిషి

మా ముత్తాత వెంకటాద్రి నాయనివారు పుంగనూరు పక్కన మూడు ఊళ్ళకు మిట్టాదారు. ఆ ఊళ్ళ శిస్తు వసూలు చేసి సర్కారుకు కట్టే హక్కు ఆయనది. మా తాత రంగప్ప నాయనివారు ఆ మూడు ఊళ్ళలో మొట్టమొదట కారు కొన్నవారు. మా తండ్రిగారు తాలూకా ఆఫీసు మెట్లెక్కితే గుమస్తాలు లేచి నిలబడేవారు. ఇవి నా గొప్ప కోసం రాయడం లేదు. మదనపల్లెలో ఒక రేకుల షెడ్డులో, మోచేతుల దాకా గ్రీజుతో నిలబడి, వచ్చిన ప్రతి కొత్త మనిషికీ ఈ మూడు తరాలను ఇదే వరుసలో చెప్పి, "వాళ్ళ పిల్లోడే ఈ సామి" అని నన్ను చూపించే మనిషి ఒకరుండేవారు. మెకానిక్ మునెప్ప. ఆయన పోయిన సోమవారం కాలం చేశారు. ఇక ఆ వరుస చెప్పేవారు లేరు గనక నేనే రాసుకోవలసి వచ్చింది.

ఫోన్ ఆయన కూతురు చేసింది. "నాయన పోయినాడు సామీ. మద్యాన్నం అన్నం తిని కుర్చీలో కూసున్న్యాడు. టీ తెచ్చేలోపల లేడు."

"ఏ బండి కింద?" అని అడిగాను. ఆ ప్రశ్న నా నోట ఎందుకు వచ్చిందో తెలియదు.

"ఏ బండీ లేదు సామీ. కుర్చీలోనే" అని ఆ అమ్మాయి రెండోసారి చెప్పింది.

'ఆయన' అని రాస్తున్నాను. ఎదుటపడి ఎన్నడూ అలా అనలేదు. నాకంటే ఆరేళ్ళు పెద్దవారైనా 'నువ్వు' అనే పిలిచాను. ఆయన తండ్రి నారెప్ప మా తాతగారి కారు కడిగేవాడు. మా ఇంట్లో వాళ్ళను అలా పిలవడమే అలవాటు. ఆయన అభ్యంతరం చెప్పలేదు. నేను సవరించుకోలేదు.

కుప్పం దగ్గర ఒక పల్లెలో అమ్మవారి జాతరకు మొదటి టెంకాయ మా ఇంటివారే కొట్టాలి. మధ్యాహ్నం అమ్మవారిని ఊరేగింపుకు ఎత్తేలోగా మా ఇంటి మగవాడు అక్కడ నిలబడకపోతే ఆ మర్యాద రెండో ఇంటికి పోతుంది. పోతే తిరిగి రాదు. తాతగారు కారులో వెళ్ళేవారు. తండ్రిగారు ఆఖరి ఏళ్ళలో బస్సులో వెళ్ళారు. ఒక ఏడు పలమనేరులో బస్సు తప్పిపోయి, సరిగ్గా ఎత్తే వేళకు చెప్పులు చేతబట్టుకుని పరుగెత్తుకుంటూ చేరారు. పక్కన నేనూ పరుగెత్తాను. ఆ పరుగు ఇంకొకసారి వద్దని, నాలుగేళ్ళ కిందట, మిగిలిన చేను అమ్మి బెంగుళూరు నుంచి పదేళ్ళు వాడిన డీజిల్ కారు ఒకటి తెచ్చాను. చేను బేరం బ్రోకరు కుదిర్చాడు. కొన్నది ఆసుపత్రిలో పనిచేసే ఎవరో నర్సమ్మ. పత్రంలో ఆమె పేరు పక్కన భర్త పేరు. రిజిస్ట్రారాఫీసులో ఎదురుగా కూర్చుని సంతకం చేసింది. నేను తలెత్తి సరిగా చూడలేదు. చూడాలనిపించలేదు.

కారు బానెట్ ఎత్తితే లోపలంతా కొత్త పెయింటు తళతళలాడుతుండేది. వారం తిరక్కుండా జబ్బులు బయటపడ్డాయి. పొద్దున స్టార్టయ్యేది కాదు. ఇండికేటరు వేస్తే హెడ్‌లైట్లు దానితోపాటు మిణుకుమనేవి. లైట్లు వేస్తే ఇంజను వేడి చూపే ముల్లు పైకి లేచేది, ఆర్పితే దిగేది. పుంగనూరులో ఒకరు బ్యాటరీ మార్చారు, ఇంకొకరు సెల్ఫ్ మోటారు మార్చారు. జబ్బు మాత్రం మారలేదు. జాతర ఐదు రోజులుందనగా మదనపల్లెకు, మునెప్ప షెడ్డుకు తీసుకుపోయాను.

ఆ షెడ్డులో కొత్త సామాన్ల అలమర ఉండేది కాదు. "కొత్త సామాను ఏసేది రిపేరు గాదు సామీ, యాపారం" అనేవారు మునెప్ప. "మనిషిని అడిగితే వాడికి తోచింది చెప్తాడు. బండిని అడగాల" అన్నది ఆయన ఇంకో మాట. కానీ మనిషిని ఎప్పుడు అడగాలో కూడా ఆయనకు తెలుసు. కలకడ నుంచి ఒక స్కూలు అయ్యవారి పెట్రోలు కారు వచ్చింది. సోమవారం తప్ప తక్కిన దినాలన్నీ స్టార్టవుతుంది. మునెప్ప బానెట్ కూడా ఎత్తలేదు.

"ఆదివారం ఇంజనుకు నీళ్ళు కొట్టి కడుగుతాండారా సారూ?"

"కడుగుతాను."

"కడగాకండి."

వైద్యం అంతే.

నా కారులో ఆయన కూర్చున్నారు. ఇండికేటరు వేశారు, లైట్లు వేసి ఆర్పారు, ముల్లు చూశారు. దిగి వచ్చి, "మీకు ఎర్త్ లేదు సామీ" అన్నారు.

బ్యాటరీ నుంచి బయల్దేరిన కరెంటు బండి ఇనుము గుండా తిరిగి బ్యాటరీకి చేరుకునే దారిని మెకానిక్కులు ఎర్త్ అంటారు. అది నాకు తెలియదు. ఇంగ్లీషులో ఆ మాటకు అర్థం భూమి అని మాత్రం తెలుసు. బెంచీ మీద కూర్చున్న పాలవ్యాను డ్రైవరుకూ తెలుసు.

"నాయనివారికి ఎర్త్ యాడిదప్పా! ఉండేదంతా అమ్ముకోనిరి గదా" అన్నాడు. షెడ్డంతా నవ్వింది.

మునెప్ప నవ్వలేదు. "నీ బండికి ఎర్త్ ఉండాది, నీ నోటికే లేదు. తీసుకోనిపో నీ బండి."

"తమాసాకన్న్యా గదన్నా."

"ఆ తమాసా నా షెడ్డులో వద్దు."

అంత కటువుగా ఆయన మాట్లాడటం నేనెన్నడూ వినలేదు. కారణం కూడా ఆలోచించలేదు. తాళాలు బెంచీ మీద పెట్టి, బస్సెక్కి పుంగనూరు వచ్చేశాను. మళ్ళీ ఆ షెడ్డు తొక్కనని నిశ్చయించుకున్నాను.

జాతర ముందురోజు పొద్దున నా కారు నా ఇంటి ముందు ఆగింది. మునెప్ప దిగారు. "కోపం నా మీద పెట్టుకోండి సామీ, బండి మీద వద్దు. ఇట్రాండి, సూడండి." బానెట్ ఎత్తి, బ్యాటరీ నుంచి వచ్చి బండి బాడీకి బోల్టుతో బిగిసిన ఒక పట్టీని చూపించారు. "అమ్మినోళ్ళు రంగు కొట్టి, ఆ రంగు మీదనే బోల్టు బిగించినారు. పైకి బో మెరుపు. ఇనుముకు ఇనుము తగల్లా. కరెంటు దావ లేక కనబడిన సందులోకంతా దూరింది." రంగు గీకేసి, ఇనుము తెల్లగా తేలేదాకా గరుకు కాగితం పట్టి, మళ్ళీ బిగించారు. అంతకు మించి ఏమీ మార్చలేదు. నేను కూర్చుని ఇండికేటరు వేశాను. లైట్లు కదల్లేదు. ముల్లు కదల్లేదు.

"ఇంకోటుండాది" అన్నారు. "కుడికి తిప్పితే గుర్రుమంటాది, ఎడమకు తిప్పితే ఊరకుంటాది. అంటే ఎడమ చక్రంలో బేరింగు పోయినట్ల. మదనపల్లెలో దొరకలా. కుప్పంలో చెప్పి పెట్టినా. నలభై దాటకుండా పోతే ఆడిదాకా పోతాది. రేపు నేనే తోలతా."

"నేను తోలలేనా?"

"తోలతారు. ఇనలేరు."

మరునాడు తెల్లవారగానే బయల్దేరాం. ఆయన తోలారు, నేను వెనక సీటులో కూర్చున్నాను. పలమనేరు దాటాక గుర్రు పెరిగింది, ఆయన వేగం పదిహేనుకు తగ్గించారు. లారీలు, బస్సులు, చివరకు టమాటా బాక్సుల ఆటో కూడా మమ్మల్ని దాటిపోయింది. నేను మాటిమాటికీ గడియారం చూస్తుంటే ఆయన అద్దంలో గమనించారు. "దాన్ని సూడాకండి సామీ. అది మన మాట ఇనదు. చక్రం ఇంటాది." అద్దాలు దించి, తల కాస్త ఎడమకు వంచి తోలారు. రెండుసార్లు ఆపి, చక్రం నడిమధ్య చెయ్యి పెట్టి వేడి చూశారు. అమ్మవారిని ఎత్తడానికి పావుగంట ఉందనగా చేరాం.

జాతర పెద్ద ఎదురొచ్చాడు. "బో కారు సామీ! తోలుకోనొచ్చిన ఈ పెద్దాయన ఎవురు?"

"మా డ్రైవరు" అన్నాను.

మునెప్ప విన్నారు. దిగి, బండి చుట్టూ తిరిగి వచ్చి, నా వైపు తలుపు తెరిచి పక్కకు నిలబడ్డారు. నేను దిగి మొదటి టెంకాయ కొట్టాను. చక్కగా రెండు చెక్కలైంది.

కుప్పంలో ఆయన బేరింగు మార్చారు. తిరుగు ప్రయాణంలో నేను ముందు సీటులో, ఆయన పక్కన కూర్చున్నాను. నాకు చేతనైంది అంతే. ఆయన ఒకసారి నావైపు చూసి, "బెల్టు ఏసుకోండి సామీ" అన్నారు. చక్రం చప్పుడు లేదు. ఆ కారు ఇప్పటిదాకా నన్ను దారిలో నిలపలేదు. మర్యాద మా ఇంటనే ఉంది. మునెప్ప మా డ్రైవరు కానే కారు. ఆ జాతర పెద్ద ఇది చదువుతాడో లేదో తెలియదు; వచ్చే జాతరకు పోయినప్పుడు అతనికి ఆ మాట నా నోటితోనే చెబుతాను.

అంత్యక్రియలకు కారులోనే పోయాను. మట్టి మదనపల్లెలోనే చేస్తారనుకున్నాను. వ్యాను పుంగనూరు వైపు బయల్దేరింది. వెనకే నడిపాను. వ్యాను తారురోడ్డు దిగిన మలుపు నాకు చిన్నప్పటినుంచి తెలిసినదే. గుంత తవ్వింది మా చేను గట్టున, చింతచెట్టు పక్కన. తలవైపు నిలబడిన కూతురి ముఖం అప్పుడు సరిగా చూశాను. రిజిస్ట్రారాఫీసులో సంతకం చేసిన నర్సమ్మ.

"నాయనే కొనమన్న్యాడు సామీ" అంది. "రంగప్ప నాయనివారి చేను ఎవురో బయటోళ్ళకు పోగూడదన్న్యాడు. మీకు మాత్రం చెప్పొద్దన్న్యాడు. తెలిస్తే షెడ్డుకు రారని."

బండి చప్పుడు విని జబ్బు చెప్పగలవారు ఇంకెవరైనా ఉండవచ్చు. ఇంత తెలిసి ఇంత మౌనంగా ఉండగలిగిన మనిషిని నేను వేరొకరిని ఎరుగను. మూడు పిడికిళ్ళు మట్టి వేశాను. నారెప్పగారి కొడుకు మెకానిక్ మునెప్పగారు అని తండ్రి పేరుతో సహా పైకి చెప్పి నమస్కరించాను.

ఆ చేను ఎకరా ముప్పై సెంట్లు. ఒక బోరు, గట్టున రెండు చింతచెట్లు. అమ్మింది నేను.