రికార్డులో అలాగే ఉంది

నెవ్ హాలిగన్‌ను కుర్రతనంలో ఒక రాక్ రికార్డు పట్టుకుంది, మళ్లీ వదల్లేదు. దాని పేరు 'ఉప్పుగాలి'. ఆస్ట్రేలియాలోని పోర్ట్ కెంబ్లా ఊళ్లో, కార్మికుల క్లబ్బులో శుక్రవారం సాయంత్రాలు డ్రమ్స్ వాయించే ఈ మనిషి దగ్గర ఏ తగువుకైనా తీర్పు ఒకటే: "రికార్డులో అలాగే ఉంది."

పెళ్లిలో పాదిరి "ఒప్పుకుంటున్నావా?" అంటే, ఎదురుగా ఉన్న బల్ల మీద రెండో పాట ఎత్తుగడంతా వాయించాకే అవునన్నాడు. గుండె లయ తప్పుతోందని డాక్టరు కంగారుపడితే, "తప్పడం కాదు, నాలుగో పాట చివర అలాగే ఉంటుంది" అని చొక్కా తొడుక్కుని లేచొచ్చాడు.

క్లబ్బులో అతనితో కలిసి పాడే కోల్ పెటిఫర్‌కి ఇదంతా సరదాగానే ఉండేది. ఆ రికార్డు గొప్పలు విని విని విసుగెత్తి, దాన్ని మాత్రం జన్మలో విననని ఒట్టు పెట్టుకున్నాడు. రెండేళ్లుగా ఆ సరదా కూడా పోయింది. పాట సగంలో ఉండగా నెవ్ చెప్పాపెట్టకుండా డ్రమ్ముల మీద వీరంగం మొదలెట్టేవాడు. అది ఆగేదాకా కోల్ మైకు పట్టుకుని గుడ్లప్పగించి నిలబడాలి.

"ఒరేయ్, నీ మోతకి పాటలో మాటలు మర్చిపోతున్నాన్రా!"

"రికార్డులో ప్రతి పాటకీ అలాగే ఉంది. నచ్చకపోతే చెవుల్లో దూది పెట్టుకో."

కోల్ నేరుగా క్లబ్బు మేనేజరు మార్లీన్ దగ్గరికి వెళ్లాడు. "వాడన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి" అన్నాడు.

ఆవిడ నెవ్‌ను పిలిచింది. "ఆ వీరంగం మానేస్తే ఉండు. లేదంటే వేరేవాణ్ణి చూసుకుంటాను."

"మానను," అన్నాడు నెవ్. వారమంతా ఎదురుచూసే కచేరీ అదొక్కటే అయినా, కర్రలు చంకన పెట్టుకుని చక్కా పోయాడు.

మరుసటి శుక్రవారం లిండ్సే అనే పెద్దమనిషి పసిపిల్లను జోకొట్టినట్టు డ్రమ్స్ వాయించాడు. కోల్‌కి ప్రాణం హాయిగా ఉంది. అంతలో రెండో పాట మధ్యలో మాటలు మాయమయ్యాయి. వెనక్కి చూస్తే లిండ్సే మర్యాదగా నవ్వి, అదే దరువు కొడుతూ కూర్చున్నాడు.

క్లబ్బు వారం వారం వేసే లాటరీలో మాంసం ట్రే గెలుద్దామని చీటీలు పట్టుకున్నవాళ్లలో ఎవరో అరిచారు. "కోల్, ఈవారం ట్రే నీకే ఇచ్చేస్తాం, నోరు విప్పు నాయనా!"

హాలంతా నవ్వింది. కోల్‌కి రెండేళ్లలో ఇలాంటి నవ్వు వినపడలేదు. మోతకి మాటలు పోవడం కాదు, మాటలు పోయాకే మోత వచ్చేదని అప్పుడు తట్టింది.

మర్నాడు పొద్దున్నే పాత సామాన్ల కొట్లో 'ఉప్పుగాలి' కొని, ఒట్టు గట్టున పెట్టి రెండువైపులా విన్నాడు. వీరంగం కాదు కదా, దాని నీడ కూడా లేదు. ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

"నెవ్ లేకపోతే నేనూ పాడను," అన్నాడు మార్లీన్‌తో.

"తీసెయ్యమంది నువ్వే కదయ్యా!"

"నేనే. మళ్లీ పెట్టమంటున్నదీ నేనే. కుదరదంటే ఇద్దర్నీ తీసెయ్."

ఆవిడ తల పట్టుకుని సరేనంది.

కోల్ వెళ్లేసరికి నెవ్ తన షెడ్డులో డ్రమ్ము బిగిస్తున్నాడు.

"రికార్డు విన్నాన్రా. అందులో నీ వీరంగం ఒక్కచోటా లేదు."

నెవ్ చెయ్యి ఆగింది. తల మాత్రం ఎత్తలేదు. "నువ్వు కొన్నది తర్వాత వేసిన ప్రతి. అందులో కోసేశారు."

కోల్ డ్రమ్ముకి రెండో పక్క పట్టుకున్నాడు.

"కోసే ఉంటారు, వెధవలు. శుక్రవారం నువ్వు మాత్రం ఒక్కటీ కొయ్యకు."