రిలీవర్ రాని ఆదివారం

పాల్వంచ కాలనీల మా బాస్కెట్‌బాల్ టీము మాటెత్తితే నాకు ముందు యాదికొచ్చేది కప్పు కాదు, మా ఆయన వాయించిన నూనె డబ్బా. ఏం వాయింపు! చెవులు గింగురుమనేవి. ఇంట్ల పిల్ల ఏడ్చినా లేవని మనిషి, మ్యాచ్ ఉన్నదంటే పొద్దుగాల్నే తల దువ్వుకొని కూచునేటోడు.

టీముల అందరూ కరెంటు ప్లాంటుల షిఫ్టు డ్యూటీలు చేసేటోళ్లే. కెప్టెన్ మా ఆయనతోటే బాయిలర్ కాడ పని. పొడుగు మనిషి, మాట మెత్తన. ఓడిపోయిన రోజు గూడ మా గుమ్మం కాడ ఆగి "వదినా, చాయ్ ఉన్నదా?" అనేటోడు. ఫైనల్ దాక పోవుడు, ఓడి వచ్చుడు, మా టీముకు అదే అలవాటైంది. ఆ యేడు ఫైనల్ మా కాలనీ గ్రౌండ్లనే పెట్టిన్రు. కెప్టెన్‌కేమో ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ వచ్చింది. మా కోసం ఆడే ఆఖరి మ్యాచ్ అదే. ఈసారన్నా కప్పు ఆయన చేతుల పడాలని నేను చర్చిల మోకాళ్లేసి ప్రార్థన చేసిన.

మ్యాచ్ ఆదివారం నాలుగింటికి. కెప్టెన్‌కు ఆ రోజు మధ్యాహ్నం షిఫ్టు పడ్డది. మా ఆయన ఛాతి విరుచుకొని, "నా పొద్దుటి షిఫ్టు నువ్వు చెయ్యి, నీ మధ్యాహ్నంది నేను చేస్త" అని మార్చుకున్నడు. బాయిలర్ కాడ ఒక రూలుండేది. తర్వాతి షిఫ్టు మనిషి, అదే రిలీవర్, వచ్చి నిలబడేదాక ముందటి మనిషి కదలొద్దు.

ఆదివారం చర్చి నుంచి నేను అట్నే గ్రౌండ్‌కు పోయి టీముకు నిమ్మకాయ నీళ్లు కలుపుతున్న. నాలుగైంది. టీము దిగింది, కెప్టెన్ లేడు. "ఏమైండు, ఏడున్నడు?" అని ఒకటే లొల్లి. రిఫరీ విజిల్ ఊదనే ఊదిండు. ముందు వరుసల మా ఆయన నూనె డబ్బా మోగుతున్నది.

జనాన్ని తోసుకుంట పోయి ఆయన చెయ్యి పట్టి గుంజిన. "ఏందయ్యా, డ్యూటీ ఇడిసిపెట్టి ఈడేం చేస్తున్నవ్?"

"ఇయ్యాల నాకు డ్యూటీ ఏడిది? పొద్దుటిది కెప్టెన్‌కు ఇచ్చిన గద" అన్నడు నవ్వుకుంట.

"మరి ఆయనది ఎవరు తీసుకున్నరు?"

డబ్బా కింద పడ్డది. ఇచ్చింది యాదున్నది, తీసుకున్నది మర్చిపోయిండు మహానుభావుడు! నోటికొచ్చినట్టు తిట్టిన. సైకిలెక్కి ఉరికిండు.

అవతల రెండింటికి షిఫ్టు అయిపోయినా, రిలీవర్ రాక కెప్టెన్ బాయిలర్ కాడ్నే నిలబడ్డడట. మా ఇంటికి మనిషిని పంపితే తాళమున్నదట. ఇంకొకర్ని నిలబెడ్దమంటే డ్యూటీ లేనోళ్లంత గ్రౌండ్లనే ఉండిరి. డ్యూటీ ఉన్న మా ఆయన గూడ ఆడ్నే ఉంటడని ఎవరికీ తట్టలే.

సగం ఆటకే మావోళ్లు బాగ వెనకబడ్డరు. అప్పుడొచ్చిండు కెప్టెన్, మా ఆయన సైకిల్ మీదనే, మొఖం నిండ బొగ్గు మసి. బనీను మార్చిండు గాని మొఖం గూడ కడుక్కోలే. ఇగ చూడాలె ఆట! ఆఖరి విజిల్‌కు జర ముందు ఆయనేసిన బంతి రింగు మీద ఒక చుట్టు తిరిగి లోపల పడ్డది. గెలిచినం! ముసలోళ్లు సైతం ఎగిరిన్రు. నాకైతే ఏడుపాగలే.

ఊరేగింపు బజారు దిక్కు మళ్లుతుంటే కెప్టెన్ "ముందు ప్లాంటుకు" అన్నడు. గేటు కాడ వాచ్‌మెన్ ఫోన్ అడుక్కొని బాయిలర్ కాడున్న మా ఆయనకు కలిపించిండు. "అన్నా, గెలిచినం" అన్నడు. అటు ఏడుపు వినబడ్డదేమో, "ఏడ్వకు అన్నా, చెప్త విను" అని రెండో సగం ఆటంత చెప్పిండు. ఆఖరి బంతి ఎట్లేసిండో చెయ్యి లేపి చూపించిండు, ఫోన్ల కనబడదన్న సోయి లేకుంట.

అయినంక ఫోన్ నా చేతిల పెట్టిండు. "మొదటి సగం నేను చూడలే, అన్న చూడలే. నువ్వే చెప్పాలె వదినా."

నెల దాక మాట్లాడొద్దనుకున్న మొగుడాయె. ఫోన్ చెవికి పెట్టుకొని "ఉన్నవా?" అన్న.

"అవ్" అన్నడు చిన్నగ.

ఆట సంగతి నాకేం తెలుసు? "ముందుగాల బంతి వాళ్లకు దొరికింది..." అని మొదలువెట్టిన. కెప్టెన్ కప్పు కింద పెట్టి, నా పక్కకే గోడకానుకొని కూచుండి తనూ వినబట్టిండు.