పెద్దకత్తెర కేక వెయ్యని రోజు

గొర్రెల ఉన్ని కత్తిరించడంలో ఆయన్ని మించినవాడు ఆ చుట్టుపక్కల పుట్టలేదు. ఇది ముఖస్తుతి కాదు, ఆ పనిలో ముదిరినవాళ్ళే ఒప్పుకున్న మాట. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉండేది గానీ, తల్లి పోయాక ఆ పేరుతో పిలిచేవాళ్ళే లేకపోయారు. అందరికీ ఆయన పెద్దకత్తెర.

ఎంతటి పొగరుబోతు పొట్టేలైనా ఆయన మోకాళ్ళ మధ్యకి వచ్చిందంటే కునుకు తీయాల్సిందే. ఉన్ని ముక్కలుముక్కలుగా కాకుండా ఒక్క దుప్పటిలా ఊడి వచ్చేది. గొర్రెల పెంపకందార్ల సంఘం అధ్యక్షుడు చూస్తుండగా కళ్ళకు గంతలు కట్టుకుని గొర్రెకి ఒక పక్కంతా కత్తిరించి, ఇత్తడి కప్పు గెలుచుకున్నాడు. ఉన్ని తీసే మిషన్లు వచ్చిన కొత్తలో మిషనుతో పోటీపడి, అది ఆగిపోయి మొరాయిస్తే, "దానికి దాహం వేసినట్టుంది, నీళ్ళివ్వండి" అన్నాడు. గొర్రెల దొడ్డి దొడ్డంతా విరగబడి నవ్వింది.

ఆ దొడ్డిలో ఒక కట్టుబాటు ఉండేది. ఎవడి కత్తెర కింద గొర్రెకు రక్తం చిమ్మితే, వాడే పని ఆపి, చెయ్యెత్తి, "గాటు!" అని అందరికీ వినపడేలా కేక వెయ్యాలి. వెంటనే ఎవరో ఒకరు తారుడబ్బా తెచ్చి గాయానికి పూత పూసేవాళ్ళు. మిగిలినవాళ్ళు వాణ్ణి ఆ పూటంతా ఆటపట్టించేవాళ్ళు. అంతటితో సరి. కేక వెయ్యకుండా దాచినవాడికి మాత్రం మర్నాటి నుంచి దొడ్డిలో చోటు లేదు. ఎందుకంటే పైకి కనపడని గాయానికి పురుగు పడుతుంది. గొర్రె నోరు విప్పి ఫలానావాడు కోశాడని చెప్పదు కదా!

పని నేర్చుకునే రోజుల్లో తప్ప ఆ కేక తన నోట వినబడలేదని పెద్దకత్తెర చెప్పుకునేవాడు. అది నిజమే.

మోకాళ్ళు అరిగాక కొడుకు దగ్గరికి చేరాడు. కొడుకు లారీ మీద తిరుగుతాడు, ఇంట్లో కన్నా రోడ్డు మీదే ఎక్కువ. కోడలు మాత్రం ఖాళీగా కూర్చునే మనిషి కాదు. కుక్కలకూ పిల్లులకూ స్నానాలు, క్షవరాలు చేసే పని నేర్చుకుని, ఇంటి ముందు గదిలోనే కొట్టు పెట్టింది. మొదట్లో మామగారు నవ్వాడు.

"కుక్కకి క్షవరమేంటి అమ్మాయ్? రేపు కాకికి కాటుక పెడతావా?"

"కాకి వచ్చి అడిగితే పెడతాను మామయ్యా. మీరు కాస్త ఆ తువ్వాలు అందుకోండి."

తువ్వాళ్ళు అందించడంతో మొదలైంది. ఒకరోజు ఉడుంలా బల్లకి అతుక్కుని లేవనంటున్న కుక్కని ఆయన రెండు చేతుల్లోకి తీసుకోగానే అది మైనంలా మెత్తబడింది. ఇక అప్పట్నుంచి వచ్చినవాళ్ళంతా "తాతగారు లేరా?" అనేవాళ్ళే. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా పెద్దకత్తెర వెన్ను కాస్త నిటారుగా అయ్యేది.

కోడలు ఒక్కటే షరతు పెట్టింది. బొచ్చు జడకట్టిన చోట కత్తెర పెట్టకూడదు, మిషనుతో మెల్లగా తీయాలి.

"జడకట్టిన ఉండని పట్టుకుని లాగితే దాంతోపాటు తోలు కూడా పైకి లేస్తుంది మామయ్యా. ఏది బొచ్చో ఏది తోలో కంటికి తెలియదు."

"కంటికి తెలియకపోతే చేతికి తెలుస్తుంది. ఇది ఎవరి చెయ్యనుకున్నావ్?"

"మీ చెయ్యి బంగారమే. కానీ కత్తెర వద్దు."

కొట్టుకి వచ్చే పంతులమ్మ కుక్క పేరు బొంత. పేరుకు తగ్గట్టే ఒళ్ళంతా రింగుల బొచ్చు, కాళ్ళెక్కడున్నాయో వెతుక్కోవాలి. పంతులమ్మ బడి నుంచి రిటైరయ్యాక ఆవిడ మందలింపులన్నీ దాని వంతే అయ్యాయి. వానల్లో తడిసీ తడిసీ దాని చెవుల వెనక జడలు కట్టాయి. ఒకరోజు పొద్దున దాన్ని కొట్టులో వదిలి, "అన్నయ్యగారూ, మీరుండగా నాకు దిగుల్లేదు" అని బజారుకి వెళ్ళింది.

కోడలు బొంత చెవులు తుడిచి, బల్ల మీద మామగారికి అప్పగించి, మరో కుక్కకి స్నానం చేయించడానికి లోపలికి వెళ్ళింది. ముందు గదిలో బస్సు డ్రైవరు ఒళ్ళో బుట్ట, బుట్టలో పిల్లితో తన వంతు కోసం కూర్చున్నాడు. చర్మం జబ్బు చేసిన ఆ పిల్లికి వారం వారం మందు స్నానం.

"తాతా, మీరు కళ్ళకి గంతలు కట్టుకుని గొర్రెని గొరిగారట? నేను అలా బస్సు నడిపితే పేపర్లో పడతాను" అన్నాడు డ్రైవరు.

అంతే, పెద్దకత్తెరకి పూనకం వచ్చింది. మిషను పక్కన పెట్టి, గూట్లోంచి తన పాత కత్తెర తీశాడు. దాని చప్పుడు లేకపోతే ఆ కథకి రుచి ఉండదు. పొట్టేలు గురించి చెప్పాడు, అధ్యక్షుడి గురించి చెప్పాడు, దొడ్డి కట్టుబాటు గురించి, గాటు కేక గురించి చెప్పాడు. ఎడం చేత్తో బొంత చెవి వెనక ఉండని పైకి లాగి పట్టుకుని, "నా నోట ఆ కేక విన్నవాడు ఎవడైనా ఉంటే రమ్మను!" అంటూ కత్తెర ఆడించాడు.

చేతికి తెలిసింది. కాకపోతే తెగాక తెలిసింది.

బొంత ఒక్కసారి ఒళ్ళు జలదరించి, కుయ్యిమని, ఆయన మణికట్టు నాకింది. వేళ్ళ మధ్య వెచ్చగా తగిలింది. డ్రైవరు వైపు ఆయన వీపు ఉంది. లోపల బొచ్చు ఆరబెట్టే యంత్రం హోరుమంటోంది. కేక గొంతు దాకా వచ్చింది. ఇప్పుడే కదా రమ్మను అన్నాడు! వచ్చినవాడు తానే అయ్యాడు.

"తర్వాతేమైంది తాతా?" అన్నాడు డ్రైవరు.

"ఏముంది, కప్పిచ్చారు" అన్నాడు పెద్దకత్తెర.

రక్తం ఆపే పొడి అద్దాడు. చుట్టూ బొచ్చు దువ్వి గాయాన్ని కప్పాడు. అదీ చాలదనిపించి ఎర్ర రిబ్బను ముడివేశాడు. కోడలు చేతులు తుడుచుకుంటూ వచ్చి, "అబ్బో, బొంతమ్మగారికి సోకులు కూడా వచ్చే!" అని మురిసింది. పంతులమ్మ అయితే బొంతని ఎత్తుకుని, "పెళ్ళికూతురిలా ఉంది అన్నయ్యగారూ. మీ చేతికి దణ్ణం పెట్టాలి" అంది. ఆ చేతిని ఆయన పంచె మడతలో దాచుకున్నాడు. తేలు కుట్టిన దొంగలా నిలబడి, ఆ పొగడ్తని చివరిదాకా విన్నాడు.

తర్వాత రోజులు ఎలా గడిచాయో ఆయనకే తెలియాలి. చిన్న గాటే, మానిపోతుంది అనుకున్నాడు. అనుకున్న ప్రతిసారీ దొడ్డి గుర్తొచ్చేది. ఒకప్పుడు గాయం దాచాడని తోటివాణ్ణి మెడపట్టి గేటు దాకా నెట్టింది తానే. వాడు వెనక్కి తిరిగి చూసిన చూపు ఇన్నాళ్ళకి ఇప్పుడు అర్థమైంది.

వారం తిరగబోతుండగా పంతులమ్మ ఫోను చేసింది. కోడలు మాట్లాడుతున్నంతసేపూ ఆమె ముఖం వాడిపోతూ వచ్చింది. బొంత తల విదిలిస్తోందట, చెవి దగ్గర చెయ్యి వేయనివ్వట్లేదట, వాసన కూడా వస్తోందట. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తోందట.

కోడలు కుర్చీలో కూలబడింది. "నా చేతే తప్పు మామయ్యా. ఆ రోజు చెవులు తుడిచింది నేనే. లోపలెక్కడో గీరుకుని ఉంటుంది. నన్ను నమ్మి ప్రాణమున్నదాన్ని అప్పగిస్తే..." అంటూ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

గుమ్మడికాయల దొంగ అనకుండానే ఆయన చెయ్యి భుజం మీదికి పోయింది. అప్పుడైనా చెప్పొచ్చు. ఇంట్లో ఇద్దరే ఉన్నారు, గడప దాటని మాట. నోరు తెరిచాడు. "ఏడవకమ్మా, కుక్కలన్నాక చెవులు గోక్కుంటాయి" అన్నాడు. కుక్కని కోసినందుకు కన్నా, ఆ మాట అన్నందుకు ఆయనకి తల కొట్టేసినట్టయింది. ఆమె తెచ్చిపెట్టిన టీ అలాగే చల్లారిపోయింది.

మర్నాడు పంతులమ్మ బొంతని చంకనేసుకుని వచ్చింది. చెవి వెనక బొచ్చంతా గొరిగేసి ఉంది. ఎర్రగా ఉబ్బిన గాయం మీద కుట్లు. కొట్టులో జనం ఉన్నారు, పిల్లి బుట్టతో డ్రైవరూ ఉన్నాడు.

"అమ్మాయీ, ఇది గోకుడు కాదట. కత్తెర గాటు, చీము పట్టిందన్నాడు డాక్టరు. తెగితే తెగింది, మనుషులన్నాక పొరపాట్లు జరుగుతాయి. రిబ్బను కట్టి కప్పెట్టారే, దానికి నాకు బాధ." ఆవిడ గొంతు పెద్దది కాలేదు. బడిలో తప్పు చేసినవాడు తనంతట తానే లేచి నిలబడే దాకా ఊరుకునే పద్ధతి అది.

కోడలు మామగారి వైపు చూసింది. రిబ్బను ఎవరు కట్టారో ఆమెకి తెలుసు. చూపు మళ్ళీ పంతులమ్మ మీదికి తిప్పుకుని, "కొట్టు నాదండీ. తప్పు నాదే, నేనే..." అని మొదలుపెట్టింది.

"గాటు!"

పిల్లి బుట్టలో ఎగిరిపడింది. జనం ఉలిక్కిపడ్డారు. పెద్దకత్తెర చెయ్యెత్తి నిలబడి ఉన్నాడు. ఎన్నో ఏళ్ళుగా వాడని కేక, గొంతు మధ్యలో చీలిపోయింది.

"నేను కోశాను. ఈ అమ్మాయి వద్దన్న కత్తెరతోనే కోశాను. గొప్పలు చెప్పుకుంటూ కోశాను. దాచింది కూడా నేనే. నిన్న ఈ పిల్ల నా ఎదురుగా ఏడుస్తుంటే కూడా నోరు విప్పలేదు."

ఆ కేకకి అర్థం తెలిసినవాడు గదిలో ఒక్క డ్రైవరే. ఎప్పుడూ ఏదో ఒక చురక అంటించే మనిషి, తల వంచుకుని పిల్లి బుట్ట మూత సర్దుకున్నాడు. ఆటపట్టించి ఉంటే బాగుండునని పెద్దకత్తెరకి అనిపించింది. దొడ్డిలో నవ్వేవాళ్ళు. నవ్వితే సగం బరువు దిగేది.

"ఆ రోజే చెప్పి ఉంటే గోటితో పోయేది అన్నయ్యగారూ" అంది పంతులమ్మ.

"పోయేదమ్మా."

కోడలు పాత కత్తెర తీసుకుని లోపల బీరువాలో పెట్టి వచ్చింది. తర్వాత పంతులమ్మ చేతిలోని మందు గొట్టం అందుకుని, మామగారి అరచేతిలో పెట్టింది. "మానేదాకా రోజూ పంతులమ్మగారింటికెళ్ళి రాసి రండి. ఆవిడ రానిస్తే" అంది. గొంతులో మామయ్యా అన్న పిలుపు లేదు.

పంతులమ్మ రానిచ్చింది. ఇప్పుడు రోజూ పొద్దున్నే పెద్దకత్తెర చెప్పులు బయట విడిచి, ఆవిడ వరండాలో కింద కూర్చుంటాడు. బొంత వస్తుంది. తోక ఊపుతుంది కూడా. కానీ ఆయన చెయ్యి చాచగానే, మంచి చెవి ఆయన వైపు తిప్పి నిలబడుతుంది. ఆయన దాన్ని పట్టుకోడు. పొట్టేళ్ళను లొంగదీసిన మోకాళ్ళు ముడుచుకుని, మందు రాసుకున్న వేలు గాలిలో అలాగే ఉంచి, అది రెండో వైపు తిరిగే దాకా కూర్చుంటాడు.

"ఏదైనా కబురు చెప్పండి అన్నయ్యగారూ, అది ఊరుకుంటుంది" అంటుంది పంతులమ్మ లోపల్నుంచి.

"నా దగ్గరేం కబుర్లున్నాయమ్మా" అంటాడాయన.