జవాబు రాయని పదకొండు ఉత్తరాలు

మా ఊరి చర్చి, అదే మా విచారణ గుడి, చరిత్రను ఒక సంచికగా అచ్చు వేయించాలని సంకల్పించిన పెద్దలు, మొన్న దాని చిత్తుప్రతిని నాకు పంపి, తప్పులేమైనా ఉంటే దిద్ది ఇమ్మని కోరారు. దాతల పేర్లకు పది పుటలు, సన్మానాల ఫోటోలకు అంతకంటే ఎక్కువ పుటలు కేటాయించిన ఆ ప్రతిలో, ముప్పై ఏళ్ళకు పైగా మా రెంటచింతలలో ఆసుపత్రి నడిపిన పెద్ద సిస్టరమ్మ గురించి "విదేశీ సిస్టర్లు కూడా సేవ చేశారు" అన్న ఒక్క వాక్యం మాత్రమే ఉంది. ఆ "కూడా" దగ్గర నా ఎర్రసిరా కలం ఆగిపోయింది. పుట అంచున నాలుగు పంక్తుల అభ్యంతరం రాసి, కింద సంతకం పెట్టబోయి, పెట్టలేక కలం మూసేశాను. ఆమెకు ఒక్క వాక్యమే దక్కిందని కోప్పడుతున్న నేను, ఆమెకు నా చేత్తో ఎన్ని వాక్యాలు రాశానన్నది బీరువాలో నేను భద్రపరచిన దస్త్రమే చెబుతుంది గనుక.

మా ఊరి ఎండల సంగతి నా యీడువారికి వేరే వర్ణించనక్కర్లేదు. ఇంట్లో పంకా కూడా లేని ఆ కాలంలో, పది గంటలకే తలుపులు బిడాయించి, కిటికీలకు తడిపిన గోనెపట్టాలు కట్టి, సాయంత్రం దాకా గుడ్డిచీకట్లో కూర్చునేవాళ్ళం. మిరప కోతలకు పోయిన ఆడవాళ్ళు దారిలో సొమ్మసిల్లితే, సముద్రం ఒడ్డున ఏదో ఇటలీ పట్టణంలో పుట్టి మా నడుమకు వచ్చిన ఆ సిస్టరమ్మ, తానే రోడ్డు మీదికి పరుగెత్తి, వాళ్ళను రెక్క పట్టుకొని వసారాలోకి ఈడ్చుకొచ్చి, ఉప్పు వేసిన మజ్జిగ తాగించేది. ఎండలో మనిషిని చూస్తే ఆమెకు ఊపిరాడేది కాదు. నేను పద్దెనిమిదో ఏట ఆ ఆసుపత్రిలో రిజిస్టరు రాసే పనిలో చేరాను. ఆమె రోగి మణికట్టు మీద రెండు వేళ్ళు ఆనించి, అచ్చం మా పల్నాటి యాసలో మూడు ప్రశ్నలు అడిగేది: "పేరేంది? ఏ ఊరు? ఎన్నాళ్ళ నించి?" జవాబులు నేను రాసుకొనేదాన్ని. మందు ఇచ్చాక అందరికీ ఒకటే మాట: "తగ్గుద్దిలే, పో. ఇంకోళ్ళని రమ్మను." ఏడేళ్ళు అలా ఆమె పక్కన కూర్చుని రాశాను. రిజిస్టరులో కొట్టివేత ఉండకూడదనీ, తెలియనిది ఊహించి రాయకూడదనీ నాకు నేర్పింది ఆమే. తర్వాత మాచవరం బడిలో ఉపాధ్యాయినిగా ఉద్యోగం వచ్చింది. అయినా శనివారం బడి వదలగానే బస్సెక్కి ఆమె దగ్గరికి వచ్చేదాన్ని. పెళ్ళి చేసుకోని నాకు, మాట్లాడే మనిషి ఉన్న చోటు అదొక్కటే.

ఒక శనివారం వచ్చేసరికి ఆమె గదికి తాళం వేసి ఉంది. ముసలితనం వచ్చిందని మఠంవారు వెనక్కి పిలిపించారట. బుధవారమే వెళ్ళిపోయిందట. ఊరంతటికీ తెలుసు, బస్సు దగ్గర ఏడ్చినవాళ్ళు ఏడ్చారు, దండలు వేసినవాళ్ళు వేశారు, నాకొక్కదానికే కబురు లేదు. నెల తిరక్కుండా ఆమె దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. తలకట్లు మరచిపోయే ఆ గుండ్రటి తెలుగు అక్షరాలతో, "నీకు చెబితే నేను బస్సు ఎక్కలేను, అందుకని చెప్పలేదు" అని రాసింది. ఆ మాటకు మనసు కరగవలసింది పోయి నాకు మరింత మండింది. ఏ సంగతైనా ఉన్నది ఉన్నట్టు రాయమని నేర్పిన మనిషి నన్ను చిన్నపిల్లను చేసి తప్పించుకుపోయిందని పంతం పట్టాను. ఆ తర్వాత ప్రతి క్రిస్మసుకూ ఒక ఉత్తరం వచ్చేది. నేను నా అలవాటు కొద్దీ, అందిన తేదీ వేసి, పక్కన "జవాబు: లేదు" అని రాసి, దస్త్రంలో కట్టేదాన్ని. మొదటిదానితో కలిపి అలా పదకొండు కట్టాను. ఆ మరుసటి క్రిస్మసుకు ఉత్తరం రాలేదు. ఆ క్రిస్మసు దాటి, జనవరి చివరి దాకా రోజూ మధ్యాహ్నం వీధి గుమ్మంలో నిలబడ్డాక గానీ, నా పంతం ఎంత పెద్ద నేరమో నాకు అర్థం కాలేదు.

ఆ ఏడే మా ప్రాంతం నుంచి కొందరు రోము యాత్రకు బయలుదేరుతుంటే పేరు ఇచ్చాను. అందులో ఒకరోజు నేపుల్స్ పట్టణంలో మజిలీ ఉంది; ఆమె ఉత్తరాల మీది చిరునామా ఆ ఊరిదే. మిగతా అందరూ అగ్నిపర్వతం బూడిదలో కప్పబడిన పాత నగరాన్ని చూడడానికి బస్సెక్కుతుంటే, నేను రానన్నాను. మా పక్కింటి వదిన గొడవ పెట్టుకుంది. "ఏమే, నీకేమన్నా మతి పోయిందా? భాష రాదు, దోవ తెలవదు, ఒక్కదానివే యాడికి పోతావ్?" అంది. వాళ్ళాయన బస్సు కిటికీలోంచి, "పోనీయవే, పంతులమ్మ గదా, దోవ తప్పితే ఆ ఊరోళ్ళకే పాఠం చెప్పి వస్తది" అని నవ్వాడు. ఇంతలో టోపీలు అమ్మేవాడొకడు వస్తే, "చూడు, రెంటచింతలోళ్ళకి ఎండ టోపీ అమ్ముతుండు!" అన్నాడు. బస్సు కదిలిపోయింది.

ఈస్టరు వెళ్ళిన తర్వాతి వారమది. ఎదురుగా నీలిరంగు సముద్రం, అవతల ఆ అగ్నిపర్వతం, ఇళ్ళ మధ్య వీధికి అడ్డంగా కట్టిన తీగల మీద ఆరేసిన బట్టలు, బండ్ల మీద మా గజనిమ్మకాయలంత పెద్ద నిమ్మకాయలు. చాలామంది విదేశీయులు ఆ ఎండ కోసమే డబ్బు పోసి వచ్చి, గోడల మీద కళ్ళు మూసుకొని కూర్చున్నారు. ఎండకు భయపడి నేను నీడ పట్టునే నడిచాను. నా చీరను తిరిగి తిరిగి చూసినవాళ్ళున్నారు గానీ, ఎవరమ్మా నువ్వు అని అడిగినవాళ్ళు లేరు. ఆ నిమ్మకాయలను చూపించి "చూశావా" అనడానికైనా పక్కన మనిషి లేక, నోట్‌బుక్కులో రాసుకున్నాను. దారిలో నలుగురికి చిరునామా చూపించి, రెండు గంటలు తిరిగి, మెట్లవీధి చివర ఉన్న వృద్ధ సన్యాసినుల ఆశ్రమం చేరాను.

ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ఒక చిన్న సిస్టరు ఇంగ్లీషులో పలకరించి, నన్ను వెనక డాబా మీదికి తీసుకువెళ్ళింది. అక్కడ, సరిగ్గా పన్నెండు గంటల ఎండలో, చక్రాల కుర్చీలో నా సిస్టరమ్మ ఒక్కతే ఉంది. నెత్తిన గుడ్డ లేదు, చేతిలో గ్లాసు లేదు. ముసలి ప్రాణాన్ని ఇలా ఎండలో పారేస్తారా అని నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరినీ అడగకుండా కుర్చీని గబగబా తోసుకుంటూ పోయి, అవతలి గోడ నీడలో నిలబెట్టి, నా కొంగుతో ఆమె తల కప్పాను. లోపల నుంచి ఒక లావుపాటి ఆయా కేకలు వేస్తూ పరుగెత్తుకొచ్చింది. చిన్న సిస్టరు నెమ్మదిగా వివరించింది: ఇక్కడ ఈ ఎండ మంచిదే, ఈమెకు ఎప్పుడూ చలి, రోజులో ఈ ఒక్క గంటే ఆమెకు హాయి. అప్పుడు చూశాను, ఆ నీడలో ఆమె చేతులు వణుకుతున్నాయి. నిజానికి అది మా ఊరి సంక్రాంతి నాటి ఎండ కంటే ఎక్కువేమీ కాదు. కుర్చీని మళ్ళీ ఎండలోకి నేనే తోసి, ఆమె కాళ్ళ దగ్గర మోకరించి, చేతులు రుద్దుతూ కూర్చున్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. ఆ కళ్ళలో ఆనవాలు పట్టిన జాడ లేదు. కాసేపటికి తన రెండు వేళ్ళను నా మణికట్టు మీద ఆనించి, "పేరేంది?" అంది.

పేరు చెప్పాను. ఆ పేరు ఆమెకు ఏమీ గుర్తు చేయలేదు.

"ఏ ఊరు?"

"రెంటచింతల, సిస్టరమ్మా."

"ఎన్నాళ్ళ నించి?"

ఉత్తరాలు చేరాయని, తప్పు నాదని ఇంగ్లీషులోనూ తెలుగులోనూ ఎన్నో వాక్యాలు సిద్ధం చేసుకొని వెళ్ళినదాన్ని, "పదకొండేళ్ళ నించి" అని మాత్రం అనగలిగాను. ఆమె తల ఊపింది. చాలాసేపు నాడి చూసి, "తగ్గుద్దిలే, పో. ఇంకోళ్ళని రమ్మను" అని చెయ్యి వదిలేసింది. దాన్ని మన్నింపుగా రాసుకోమని మనసు ఎంతో పోరింది. కానీ ఆమె ఆ మాట అందరితోనూ అనేది. లేనిదాన్ని ఉన్నట్టు రాయడం నాకు చేతకాదు.

ఆ మాటలు నాకెలా అర్థమయ్యాయని చిన్న సిస్టరు అడిగింది. ఆ మూడు మాటలనూ ఆమె అక్కడి వాళ్ళందరినీ రోజూ అడుగుతుందట. మతి చెడి చేసే శబ్దాలనుకొని వాళ్ళు చెయ్యి నిమిరి పోయేవారట. అవి ప్రశ్నలని, ఒక భాషలోవని, ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. నేను నోట్‌బుక్కులోంచి కాగితం చించి, మూడు ప్రశ్నలనూ ఇంగ్లీషు అక్షరాలలో రాసి, వాటి అర్థాలు రాసి, దేనికి ఏమని జవాబు చెప్పాలో రాసి, మూడోసారి అడిగినప్పుడు ఎన్ని రోజులని చెప్పినా ఫరవాలేదు గానీ పలకకుండా మాత్రం పోవద్దని కింద గీత గీసి ఇచ్చాను. ఆయా దాన్ని కుర్చీ వీపుకు కట్టింది. నాలుగు గంటలకు మా బస్సు. సముద్రం గట్టున ఒంటరిగా కూర్చుని, నోట్‌బుక్కులో ఆ రోజు పుటకు తేదీ మాత్రం వేసి మూసేశాను.

మరుసటి శీతాకాలంలోనే ఆమె పోయిందని ఆ చిన్న సిస్టరు రాసింది. దానికి నేను ఆ రోజే జవాబు రాశాను.

ఇప్పుడు నా తమ్ముడి మనవరాలు ఫోనులో పంపిన సందేశం నేను చూసిందీ లేనిదీ దానికి ఆ ఫోనే చెబుతుందట. చూసి కూడా పలకలేదేమని అది నిమిషంలో నన్ను నిలదీస్తుంది. పంతం పట్టడానికి సందు దొరకదు. మా రోజుల్లో ఉత్తరం డబ్బాలో వేసినవారికి, అది చేరిందో, సముద్రంలోనే పోయిందో తెలిసే దారి లేదు. ఏ ఉత్తరం ఒక్కరోజు ఆలస్యమైనా తపాలావారికి అర్జీలు రాసి, వాళ్ళ చేత సంజాయిషీలు రాయించిన మనిషిని నేను. ఈ వయసులో నేను చేసుకొనే ప్రార్థన ఒక్కటే: ఆ పదకొండేళ్ళూ ఆమె తపాలావాళ్ళనే తిట్టుకొని ఉండాలని.