నూలు బనియన్‌కు పార్టీ అంటగట్టిన ఊరు

తొంభైల మధ్యలో ఒక జూన్ నెలలో నన్ను పులివెందుల నుంచి జమ్మలమడుగు దగ్గరి ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు బదిలీ చేశారు. నా హోదా పి.ఇ.టి., అంటే వ్యాయామ ఉపాధ్యాయురాలిని. పెద్ద బడుల్లో మా పైన ఫిజికల్ డైరెక్టరు ఉంటారు. అక్కడ ఆ పోస్టు లేదు కాబట్టి డ్రిల్లు, ఆటలు, ప్రార్థన వరుస, ఆఖరికి నీళ్ళ డ్రమ్ము నింపించడం దాకా అన్నీ నా నెత్తినే ఉండేవి. ఊరి పేరు రాయను. రాస్తే ఈమె ఏ పార్టీ తరఫున రాసిందని అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

ఊళ్ళో రెండు వర్గాలు. ఒక వర్గం ఏ పార్టీలో ఉంటే రెండోది దాని ఎదుటి పార్టీలో ఉంటుంది. మొదటిది కండువా మారిస్తే రెండోదీ మారుస్తుంది. టీ అంగళ్ళు రెండు, మంగలి అంగళ్ళు రెండు. బాంబులు పడిన మరునాడు బడికి సెలవు. ఎన్నిసార్లు సెలవిచ్చారని పై అధికారి ఎవరూ మమ్మల్ని అడిగిన పాపాన పోలేదు.

ఆ రెండు వర్గాల ఆడపిల్లలనూ కలిపి ఖోఖో జట్టు కట్టాను. అందులో లక్ష్మీదేవి తొమ్మిదో తరగతి. వాళ్ళ నాన్న ఓబులేసుకు గొర్రెలే జీవనాధారం. అంత వేగంగా మలుపు తిరిగే పిల్లను నా సర్వీసులో మళ్ళీ చూడలేదు. ఏప్రిల్‌లో ప్రొద్దుటూరులో స్పోర్ట్స్ హాస్టల్‌కు ఎంపికలు జరుగుతాయి. జట్లను ఆడించి, అందులోంచి పిల్లల్ని ఏరుకుంటారు. సీటు వస్తే తిండి, శిక్షణ, అన్నిటికీ మించి బాంబులకు మూతపడని బడి. ఆ ఊరి నుంచి బయటపడటానికి ఆ పిల్లకు అదొక్కటే దారి. ఆ సంగతి నాకూ తెలుసు, దానికీ తెలుసు.

మార్చిలో సర్పంచి వర్గం జట్టుకు దుస్తులు పంపింది. నిగనిగలాడే నైలాన్ జెర్సీలు, నైలాన్ నిక్కర్లు, వాళ్ళ పార్టీ రంగు, వీపు మీద వాళ్ళ నాయకుడి పేరు. హెడ్మాస్టరు సంబరపడిపోయి వాటిని అప్పటికప్పుడే పంచమన్నారు. అవతలి వర్గం పిల్లలు ముట్టుకోలేదు. మిగిలినవాళ్ళకు వేయించి, రెండు రోజులు సాధన చేయించాను.

మూడో రోజు ఆ పిల్లలు కాళ్ళు ఎడంగా పెట్టుకుని నడుస్తున్నారు. అడిగితే ఒక్కరూ నోరు విప్పరు. ఆటసామాను గదిలోకి పిలిచి తలుపు వేసి చూశాను. తొడల లోపల, చంకల కింద ఒరుసుకుపోయి చర్మం ఎర్రగా లేచిపోయి ఉంది. వీపు నిండా చెమటకాయలు. లక్ష్మీదేవికి ఒకచోట రక్తం కూడా వచ్చింది. కొబ్బరినూనె రాసి ఇంటికి పంపాను.

ఇందులో వింతేమీ లేదు. ఆ నైలాన్ చెమటను పీల్చదు, గాలి ఆడనివ్వదు. మా ఎండలో చెమటంతా బట్టకూ ఒంటికీ మధ్య నిలుస్తుంది. ఖోఖోలో క్షణానికోసారి కూర్చుని లేవాలి. తడిసిన నైలాన్ ప్రతిసారీ చర్మాన్ని పట్టి లాగుతుంది. నూలు చెమటను తాగుతుంది. తాగి బరువెక్కుతుంది, అది దాని లోపం. అందుకే మనిషికి రెండు జతలుండాలి, ఆట మధ్యలో మార్చుకోవాలి. గుడ్డను ముందు ఒక పూట నీళ్ళలో నానబెట్టి, ఆరేసి, ఆ తర్వాతే కత్తిరించాలి. లేకపోతే రెండు ఉతుకులకే చంకల దగ్గర బిగిసిపోతుంది. ఇవి మిషన్ బడిలో డ్రిల్లు మాస్టరుగా పనిచేసిన మా నాన్న దగ్గర నేర్చుకున్నవి.

ఈ జెర్సీలు పనికిరావని హెడ్మాస్టరుకు చెప్పాను. ఆయన నన్ను నోరు మూసుకోమన్నట్టు చేతులు జోడించారు. అయినా కబురు పోయింది. సర్పంచి మనిషి సాయంత్రం గ్రౌండుకే వచ్చి నిలదీశాడు.

“ఏంది మేడం, బట్ట బాగలేదా, బట్ట ఇచ్చినోడు బాగలేడా?”

బట్టే బాగలేదన్నాను. పిల్లల ఒళ్ళు ఎట్లా ఉందో వాళ్ళ తల్లుల్నే అడగమన్నాను. అతను వినలేదు, నవ్వి వెళ్ళిపోయాడు.

నాలుగు రోజులు తిరక్కముందే అవతలి వర్గం నుంచి ఒక మూట వచ్చింది. విప్పితే మేలైన నూలు బనియన్లు, వాళ్ళ పార్టీ రంగు అద్దించినవి. మోసుకొచ్చినవాడు పళ్ళికిలించి, “మేడం మన మనిషేనని మావోళ్ళు శానా సంతోషపడ్తాండారు” అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేనెవరి మనిషినీ కాదు, మూట తీసుకుని నడవమన్నాను. కానీ జరగాల్సింది జరిగిపోయింది. ఆనాటి నుంచి ఊళ్ళో నైలాన్ ఒక పార్టీ, నూలు ఇంకొక పార్టీ. ఎండకు పార్టీ ఉంటుందా? చెమటకు పార్టీ ఉంటుందా? అన్నం తినే మనుషులు మాట్లాడే మాటలేనా ఇవి?

ప్రొద్దుటూరు పోయి రంగు అద్దని తెల్లటి బనియన్ గుడ్డ తెచ్చాను. నానబెట్టి, ఆరేసి, జమ్మలమడుగు టైలరు దగ్గర అందరికీ రెండేసి జతలు కుట్టించాను. పంచబోతుండగా ఓబులేసు బడికి వచ్చాడు. తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

“మ్మా, నా బిడ్డకు ఆ నైలాన్‌దే ఏసి ఆడించు. నేను గొర్రెలు మేపేది సర్పంచోళ్ళ బీళ్ళలోనే గదా. తోలు పోతే మల్లా వస్తాది, బీడు పోతే నేను యాడికి పోవాల?”

రక్తం కారుతున్నా అదే వెయ్యమంటావా, నువ్వేం తండ్రివయ్యా అని కసిరాను. తలగుడ్డ చుట్టుకుని పోయాడు. ఆ మాట అన్నందుకు ఇవాళ్టికీ సిగ్గుపడతాను.

ఎంపికల రోజు ప్రొద్దుటూరు మైదానంలో ఎండ నిప్పులు చెరుగుతోంది. తండ్రి మాట ప్రకారం లక్ష్మీదేవి నైలాన్‌లో, మిగిలినవాళ్ళు తెల్లటి నూలులో నిలబడ్డారు. ఒక జట్టు ఒకే దుస్తుల్లో ఉండాలని నియమం. అంపైరు పట్టుబట్టాడు. జట్టంతా ఒకటే వేసుకోవాలి, లేదా ఆ పిల్ల బయట కూర్చోవాలి. నైలాన్‌ను అవతలి వర్గం పిల్లలు చచ్చినా వేసుకోరు. నేను లక్ష్మీదేవి వైపు చూశాను. తెల్లది వద్దు, బయట కూర్చోమని అప్పుడే నేను అని ఉండాల్సింది, అనలేదు. అది జెర్సీని ఒంటి నుంచి ఎడంగా లాగి పట్టుకుంది.

“తెల్లదే ఇయ్యి మేడం. ఇది కాల్తాంది” అంది.

గెలిచాం. ఎంపికైన పేర్లలో దానిది మొదట చదివారు. సర్పంచి మనిషి షామియానా కింద కూర్చుని చప్పట్లు కొట్టకుండా చూశాడు. ఆ వారంలోనే ఓబులేసుకు బీళ్ళు మూసేశారు. ఎవరూ అతన్ని కొట్టలేదు, తిట్టలేదు. నీ గొర్రెలు ఈ పక్కకు రాకూడదన్నారు, అంతే.

మే నెలలో హాస్టల్ నుంచి చేరిక ఉత్తరం వచ్చింది. పట్టుకుని ఇంటికి పోతే తాళం కప్ప వేసి ఉంది. మైదుకూరు వైపు పోయారని తెలిసి, రెండు రోజులు బస్సుల్లో తిరిగి వెతికితే చాపాడు దగ్గర దొరికారు. కోసిన వరిమడిలో మంద కట్టి ఉంది. లక్ష్మీదేవి పావడా మీద ఆ తెల్ల బనియన్ వేసుకుని గొర్రెల్ని అదిలిస్తోంది. ఉత్తరం చూపించాను. ఓబులేసు నా మీద ఒక్క మాట తూలలేదు.

“బట్ట మంచిదే మ్మా. ఎండకు సల్లగుంటాదని దినామూ అదే ఏసుకుంటాది. ఊర్లోనైతే నేనొకన్నే కాచుకుందు. ఇట్ల మడి మడి తిరగాలంటే ఇంకో మనిషి ల్యాకపోతే జరగదు. బిడ్డను పంపలేను.”

ఆ సీటు జాబితాలో తర్వాతి పిల్లకు ఇచ్చారు. సర్పంచి వర్గం నన్ను ఆరు నెలల్లో బదిలీ చేయించింది.

తర్వాత పనిచేసిన ప్రతి బడిలోనూ జట్టు దుస్తుల సంగతి జూన్ మొదటి వారంలోనే తేల్చేసేదాన్ని. తెల్ల నూలు, మనిషికి రెండు జతలు, గుడ్డ ఎవరి పిల్లకు వాళ్ళే తేవాలి. దాత ఎంత పెద్దవాడైనా వద్దన్నాను. నూలు గురించి నేను చెప్పినదాంట్లో తప్పు లేదు, ఇప్పుడైనా అదే చెప్తాను. కానీ నాకు ఉద్యోగముంది, జీతముంది, పొమ్మంటే ఇంకొక ఊరుంది. ఓబులేసుకు ఉన్నది ఒక్క బీడు. పిల్లకు తెల్ల బనియన్ అందించే ముందు ఆ లెక్క నేను వేసుకోలేదు. బట్ట గురించి నిజం నేను చెప్పాను, దాని ఖరీదు లక్ష్మీదేవి కట్టింది.